ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలు: మరియా మాంటిస్సోరి కథ

మాంటిస్సోరి అన్న మాట వినని తెలుగువాళ్లు అరుదు. మన ఊళ్లలో ఏ వీధి మలుపు తిరిగినా ఆ పేరుతో ఒక బోర్డు కనిపిస్తుంది. ఆ మాట వినగానే మనకి గుర్తొచ్చేవి రిక్షాలో కిక్కిరిసిన పిల్లలు, మెళ్లో టై, భుజాన నీళ్లసీసా. అది ఒక మనిషి ఇంటిపేరనీ, ఆ మనిషి ఇటలీ దేశపు లేడీ డాక్టరనీ, రెండో ప్రపంచయుద్ధ కాలం దాదాపు అంతా ఆవిడ మన మద్రాసులోనూ కొడైకెనాల్‌లోనూ గడిపిందనీ చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు.

ఆవిడ గురించి ఇప్పుడెందుకంటారా? బహ్రెయిన్‌లో మన పిల్లల్లో ఎక్కువమంది బడికే వెళ్తారు. కొన్ని కుటుంబాలు మాత్రం ఇంట్లోనే చదివించుకుంటున్నాయి. 2020లో కరోనా పుణ్యమా అని మిగతావాళ్లం కూడా కొన్నాళ్లు ఆ రుచి చూశాం. ఎవరింట్లో చూసినా ఒకటే సమస్య. హాలు ఒకటే, అందులో తొమ్మిదేళ్లవాడు ఒకడు, నాలుగేళ్లది ఒకర్తి. వాడికి భిన్నాలు చెబుతుంటే ఇది పుస్తకం లాక్కుంటుంది. దీనికి అక్షరాలు దిద్దిస్తుంటే వాడు టీవీ పెడతాడు. వేర్వేరు వయసుల పిల్లల్ని ఒక్కచోట కూర్చోబెట్టి చదివించడం అయ్యే పనేనా?

అవుతుంది, పైగా అలా అయితేనే బాగా అవుతుంది అని నమ్మి, నలభై ఏళ్లకి పైగా అదే పని చేసిన మనిషి మరియా మాంటిస్సోరి. అందుకే ఈ కథ.

ఇంజనీరు కాబోయి...

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా దగ్గర కియారవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పద్ధతి గల మనిషి. తల్లి రెనీల్దె ఆ రోజుల్లో ఆడవాళ్లకి అరుదైన చదువు చదువుకున్నది. తండ్రికి బదిలీ కావడంతో మరియాకి ఐదేళ్లప్పుడు కుటుంబం రోము నగరం చేరింది.

మనలాంటి వాళ్లకి నచ్చే సంగతి ఒకటుంది. ఆవిడ మొదట ఇంజనీరు కావాలనుకుంది! 13వ ఏట సాంకేతిక పాఠశాలలో చేరింది. అక్కడ చదువుకునేది దాదాపు అందరూ మగపిల్లలే. లెక్కలంటే ప్రాణం. తీరా ఆ చదువు పూర్తయ్యేసరికి మనసు వైద్యం మీదికి మళ్లింది. ఆడపిల్ల టీచరైతే చాలు, డాక్టరేమిటని తండ్రి ఒప్పుకోలేదు. తల్లి మాత్రం వెంట నిలబడింది. మరియా 1890లో రోము విశ్వవిద్యాలయంలో చేరి, ముందు ప్రకృతి శాస్త్రాలు చదివి, ఆ తర్వాత వైద్యవిద్యలోకి వెళ్లింది. మగవిద్యార్థుల మధ్య ఒక ఆడపిల్ల శవాన్ని కోయడం బాగుండదని, అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా ఆ గదిలో పని చేయమన్నారు. చేసింది. 1896 జూలైలో డాక్టరు పట్టా పుచ్చుకుంది. ఇటలీలో తొలితరం మహిళా డాక్టర్లలో ఆవిడ ఒకరు.

రొట్టె ముక్కలతో ఆట

పట్టా వచ్చాక విశ్వవిద్యాలయం వారి మానసిక వైద్యశాలలో పనికి కుదిరింది. ఆ రోజుల్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని కూడా పిచ్చాసుపత్రుల్లోనే పెట్టేవారు. వాటిని చూడటానికి వెళ్లినప్పుడు ఒకచోట ఖాళీ గదిలో పిల్లలు భోజనం అయ్యాక నేల మీద పడ్డ రొట్టె ముక్కల కోసం పాకులాడుతూ కనిపించారట. వాళ్లని చూసుకునే ఆవిడ వీళ్లవి ఆబగుణాలని చీదరించుకుంది. మరియాకి అలా అనిపించలేదు. ఆ గదిలో పట్టుకోవడానికి, తిప్పి చూడటానికి ఇంకో వస్తువంటూ లేదు. ఆ పిల్లల చేతులకి పని లేదు. వాళ్ల ఆకలి పొట్టది కాదని ఆవిడకి తోచింది.

అక్కణ్ణించి ఆవిడ చదువు మళ్లీ మొదలైంది. ఇటార్, సెగాఁ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అలాంటి పిల్లల గురించి ఎప్పుడో రాసిన పుస్తకాలు తెచ్చుకుని చదివింది. 1900లో రోములో ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే టీచర్ల కోసం పెట్టిన శిక్షణ కేంద్రానికి ఆవిడ, ఆవిడ తోటి డాక్టరు జుసెప్పె మొంతెసానో కలిసి బాధ్యత తీసుకున్నారు. పొద్దున్నించి రాత్రి దాకా పిల్లలతోనే. పనికిరారని వదిలేసిన ఆ పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చుకుని మామూలు బడిపిల్లల పరీక్షలో గట్టెక్కారు. అందరూ ఆవిడని మెచ్చుకున్నారు. ఆవిడకి మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. వీళ్లే ఇంత చేయగలిగితే, మామూలు పిల్లలు మామూలు బళ్లలో ఇంతకంటే ముందుకెందుకు పోవడంలేదు?

దూరమైన కొడుకు

ఇక్కడ కథలో కష్టమైన భాగం వస్తుంది. మరియాకి, మొంతెసానోకి మధ్య ప్రేమ కలిగింది. 1898 మార్చి 31న వాళ్లకి మారియో పుట్టాడు. పెళ్లి జరగలేదు. పెళ్లికాని తల్లి అన్న మాట బయటికి పొక్కితే ఆ కాలంలో డాక్టరు ఉద్యోగం, సంఘంలో పేరు రెండూ పోయేవి. పసివాణ్ణి పల్లెలో ఒక దాది ఇంట్లో పెంపకానికి ఇచ్చారు. తర్వాత 1901లో మొంతెసానో ఇంకొకామెని పెళ్లి చేసుకున్నాడు. మరియా ఆ సంస్థ వదిలిపెట్టి వెళ్లిపోయింది.

అప్పుడప్పుడు వెళ్లి పిల్లాణ్ణి చూసివచ్చేది, తానెవరో చెప్పకుండా. లోకంలోని పిల్లలందరి గురించి మాట్లాడిన మనిషి తన పిల్లాడి మొదటి పదిహేనేళ్లూ వాడి దగ్గర లేదు. ఆవిడ తల్లి 1912లో పోయింది. ఆ మరుసటి ఏడు మారియో ఆవిడ దగ్గరికి వచ్చేశాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం లోకానికి దగ్గరి బంధువని, పెంచుకున్న పిల్లాడని చెప్పుకోవలసి వచ్చింది. ఈ సంగతి తెలిశాక ఆవిడ పుస్తకాలు ఇంకోరకంగా కనిపిస్తాయి. ఉద్యోగాల కోసం పిల్లల్ని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి గల్ఫుకి వచ్చినవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

సాన్ లోరెంజోలో పిల్లల ఇల్లు

రోములో సాన్ లోరెంజో అనేది పేదలపేట. ఒక గృహనిర్మాణ సంస్థ అక్కడి పాత భవనాలు బాగుచేసి కార్మిక కుటుంబాలకి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి పోతే చిన్నపిల్లలు మెట్ల మీద, వరండాల్లో తిరుగుతూ కొత్త గోడలు పాడు చేస్తున్నారు. గోడలకి రంగులేయించే ఖర్చు కంటే పిల్లల్ని ఒక గదిలో పెట్టి చూసుకునే ఖర్చు తక్కువని లెక్క వేసుకుని వాళ్లు మాంటిస్సోరిని పిలిచారు. లోకాన్ని మార్చిన బడి వెనక ఉన్నది గోడల రిపేరు ఖర్చు!

1907 జనవరి 6న ఆ బడి తెరిచారు. పేరు పిల్లల ఇల్లు. రెండు మూడేళ్ల పసివాళ్ల నుంచి ఆరేడేళ్ల వాళ్ల దాకా ఏభైమందికి పైగా పిల్లలు. అందరికీ ఒకటే గది. వయసుల ప్రకారం విడగొట్టడానికి స్థలమూ లేదు, జీతాలిచ్చి టీచర్లని పెట్టే స్తోమతూ లేదు. అంటే వయసుల కలయిక మొదట సిద్ధాంతం కాదు, అవసరం. ఆ అవసరంలోంచి ఏం బయటపడుతుందో ఆవిడ డాక్టరులాగా కూర్చుని గమనించింది.

మూడేళ్ల పాప ఒకర్తి కర్రదిమ్మెలోని గుంటల్లో వాటి వాటి కొలతకి సరిపోయే కర్రబిళ్లలు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా, పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్ల మీద పెట్టినా ఆ పాప తల తిప్పలేదు. నలభైసార్లకి పైగా చేసి, చక్కగా నిద్రలేచిన మొహంతో ఆపేసింది. పసిపిల్లలకి ధ్యాస నిలవదన్నది పెద్దవాళ్ల అపోహ అని ఆవిడకి అప్పుడర్థమైంది. ఇంకోరోజు టీచరు ఆలస్యంగా వచ్చింది. బీరువా తాళం వేయడం మర్చిపోయారు. పిల్లలు ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని పనిలో పడిపోయారు. అప్పటినుంచి బీరువాలు పోయి పిల్లలకి అందే ఎత్తులో అరలు వచ్చాయి. గరుకు కాగితం మీద కత్తిరించిన అక్షరాలని వేలితో తడుముతూ నాలుగైదేళ్ల పిల్లలు ఒకరోజు ఉన్నట్టుండి రాయడం మొదలుపెట్టారు.

అన్నిటికంటే మనకి కావలసిన సంగతి ఇది. ఆ గదిలో చిన్నవాళ్లు పెద్దవాళ్లని చూసి నేర్చుకున్నారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకి చూపిస్తూ తమకి తెలిసినదాన్ని గట్టి చేసుకున్నారు. ఐదేళ్లవాడి మనసు మూడేళ్లవాడి మనసుకి మనకంటే దగ్గర. మనం పది మాటల్లో చెప్పేది వాడు రెండు సైగల్లో చెప్పేస్తాడు. మన ఆఫీసుల్లో జరిగేదీ ఇదే కదా! కొత్తగా చేరిన కుర్రాడికి మన కోడు వివరిస్తుంటే, మూడు రోజులుగా దొరకని తప్పు మనకే కనిపిస్తుంది. చెప్పడం కంటే మంచి నేర్చుకోవడం లేదు.

క్రమంగా ఇది పద్ధతిగా మారింది. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లు ఒక గుంపు, ఆరు నుంచి తొమ్మిది ఒకటి, తొమ్మిది నుంచి పన్నెండు ఒకటి. గదిలో ప్రతి వస్తువూ ఒక్కటే ఉంటుంది. ఇంకొకరు వాడుతుంటే ఆగాలి. ఓర్పు మీద పాఠం చెప్పక్కర్లేకుండా ఆ వస్తువే చెబుతుంది. తరగతుల మధ్య గోడలు నడుం ఎత్తుకి మించకపోతే మంచిదని కూడా ఆవిడ అనుకుంది. పక్క గదిలో పెద్దవాళ్లేం చేస్తున్నారో చిన్నవాళ్లు తొంగి చూడొచ్చు, వెళ్లి రావొచ్చు.

మన వీధిబడి సంగతి

ఇంత చెప్పాక మనవాళ్లకి ఒక అనుమానం వస్తుంది. ఇది మన వీధిబడి కాదూ? కొంత నిజమే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని దేశీ బళ్ల వివరాలు పంపమన్నాడు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ ఇచ్చిన నివేదికలో 533 బళ్లు, 6,641 మంది విద్యార్థులు లెక్కకొచ్చారు. ఆ జిల్లాలో తెలుగు బళ్లు, కన్నడ బళ్లు రెండూ ఎక్కువే. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకి చెప్పించే అక్కడి పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. అంతకు ముందే, 1790ల్లో ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమంలో ఇదే పద్ధతి అమలుచేసి, 1797లో ఇంగ్లండులో పుస్తకంగా అచ్చు వేయించాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అన్న పేరే స్థిరపడింది. మన ఇసకలో దిద్దిన అక్షరాలు లండను దాకా వెళ్లాయన్నమాట.

బహ్రెయిన్ సంగతీ అంతే. ముహర్రక్‌లో 1919లో అల్ హిదాయా బడి రాకముందు ఇక్కడి పిల్లలు ముతవ్వా దగ్గర, చిన్నా పెద్దా కలిసి, ఖురాను నేర్చుకునేవారు. వయసువారీగా తరగతులు విడగొట్టడమే లోకానికి కొత్త. కలిసి నేర్చుకోవడం కాదు.

కానీ తేడా ఉంది. అదే బళ్లారి నివేదికలో ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దున్నే బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఒక్కొక్కటి పెంచుకుంటూ... బెల్ పద్ధతిలో కూడా పెద్దపిల్లాడు అయ్యవారి తరఫు మనిషి. అప్పగించిన పాఠం అప్పచెప్పించుకుంటాడు. మాంటిస్సోరి గదిలో పెద్దపిల్లాడికి అలాంటి అధికారం ఏమీ లేదు. బెత్తమూ లేదు, బహుమతీ లేదు. సాయం చేయాలనిపిస్తే చేస్తాడు, లేకపోతే తన పని తాను చేసుకుంటాడు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఇంట్లో చదివించేవాళ్లకి ఇదే కీలకం. దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

పేరు, ముస్సోలినీ, ప్రవాసం

1909లో ఆవిడ తన పద్ధతి మీద పుస్తకం అచ్చు వేసింది. 1912లో ఇంగ్లీషులోకి వచ్చింది. 1913 డిసెంబరులో అమెరికా వెళ్తే న్యూయార్కులో కార్నెగీ హాలు నిండిపోయింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల గదిలో బడి నడిపి చూపించారు. జనం బయట నిలబడి చూస్తుంటే పిల్లలు తమ పనిలో తాము. ఆ తర్వాత అమెరికాలో పండితుల విమర్శలతో ఆ వేడి చల్లారింది. 1960ల్లో మళ్లీ రాజుకుంది. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్జీ బ్రిన్ ఇద్దరూ చిన్నప్పుడు మాంటిస్సోరి బళ్లలో చదివినవాళ్లే.

ఇటలీలో కథ వేరు. 1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం ఆవిడ బళ్లకి అండ ఇచ్చింది, ఆవిడ తీసుకుంది. అందరూ మెచ్చుకున్న పని కాదది. స్వేచ్ఛగా పెరగాల్సిన పిల్లలకీ, చిన్నప్పటినుంచే కవాతు చేయించే ప్రభుత్వానికీ ఎన్నాళ్లు పొసగుతుంది? 1934కి తెగిపోయింది. ఆవిడ ఇటలీ వదిలేసింది, అక్కడ ఆవిడ బళ్లు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు అప్పటికే మూయించారు. ఉంటున్న బార్సిలోనాలో 1936లో అంతర్యుద్ధం వస్తే, ఇంగ్లీషు ఓడెక్కి బయటపడి, హాలండు చేరింది. అప్పటికి ఆవిడకి 66 ఏళ్లు.

అడయారు

గాంధీగారు 1931 అక్టోబరులో లండనులో ఆవిడని కలిశారు. భారతదేశం మీద ఆవిడకి అప్పటికే మక్కువ. 1939లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్ ఆహ్వానం మీద, మూడు నెలల శిక్షణ తరగతుల కోసమని కొడుకు మారియోతో కలిసి నవంబరులో విమానంలో మద్రాసు వచ్చింది. అరండేల్ భార్య రుక్మిణీదేవి కళాక్షేత్రం పెట్టి అప్పటికి మూడేళ్లు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోవే. అడయారులో తాటాకు పందిళ్ల కింద దేశం నలుమూలల నుంచి వచ్చిన సుమారు 300 మంది చాపల మీద కూర్చుని విన్నారు. ఆవిడ ఇటాలియనులో చెబితే మారియో పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పేవాడు. పదిహేనేళ్లు తల్లి గొంతు వినని పిల్లాడు ఇప్పుడు ఆవిడ గొంతు అయ్యాడు.

మూడు నెలలనుకున్నది ఏళ్లయింది. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఆ రోజుతో వీళ్లిద్దరూ శత్రుదేశస్థులు. మారియోని నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. ఆవిడని అడయారు ఆవరణ దాటి పోవద్దన్నారు. దేశం కాని దేశంలో, భాష రాని చోట, 70 ఏళ్లకి దగ్గరపడిన వయసులో మళ్లీ కొడుకు దూరమయ్యాడు.

ఆగస్టు 31న ఆవిడ 70వ పుట్టినరోజు. వైస్రాయి నుంచి తంతి వచ్చింది. ఆవిడకి ఏ కానుక ఇస్తే బాగుంటుందా అని ఆలోచించి, కొడుకుని తిరిగి పంపిస్తున్నామన్నది దాని సారాంశం. ఆ తంతిలో మారియోని ఆవిడ కొడుకుగానే పేర్కొన్నారు. నలభై రెండేళ్లు దాచుకోవలసివచ్చిన మాట ఒక ప్రభుత్వ తంతిలో అచ్చయి వచ్చింది.

కొడైకెనాల్

మద్రాసు ఎండలకి తట్టుకోలేక 1942లో కొడైకెనాల్ కొండ మీదికి మకాం మార్చారు. దాదాపు రెండేళ్లు అక్కడే. యుద్ధం వల్ల కదలలేక చిక్కుకుపోయిన విదేశీ కుటుంబాల పిల్లలు, మనవాళ్ల పిల్లలు, నడక రానివాళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్ల దాకా చిన్న బడిగా చేరారు. సిలోనుకి చెందిన లీనా విక్రమరత్నే ఆ బడిలో తోడుగా నిలిచింది. రోములో ఆవిడ చూసింది ముఖ్యంగా ఆరేళ్ల లోపు పిల్లల్ని. ఇక్కడ పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ ఒకేచోట దొరికారు.

పెద్దవాళ్లకి చెట్ల కుటుంబాల గురించి చెబుతుంటే, చిన్నవాళ్లు వద్దన్నా వచ్చి కూర్చుని, ఆకుల పేర్లు చకచకా పట్టేసేవారు. భూమి ఎలా పుట్టింది, ప్రాణులెప్పుడు వచ్చాయి, మనిషెప్పుడు వచ్చాడు... ఇలాంటి పెద్ద కథ ఒకటి ముందు పరిచేస్తే, ఎవరి వయసుకి తగిన ముక్క వాళ్లు అందులోంచి తీసుకుంటారని అక్కడ గట్టిపడింది. విశ్వాన్నంతటినీ ఒక్క కథగా చెప్పే ఈ చదువే ఆవిడ పనిలో చివరి పెద్ద మలుపు. అది మన కొండల మీద, బందీగా ఉన్న రోజుల్లో పుట్టింది.

యుద్ధం అయ్యాక 1946లో ఐరోపా వెళ్లి, 1947లో మళ్లీ వచ్చింది. 1949 దాకా ఈ దేశంలో తిరిగింది. మొత్తం మీద ఇక్కడ వెయ్యిమందికి పైగా టీచర్లు ఆవిడ శిక్షణలో తయారయ్యారు. ఆవిడ పుస్తకాల్లో పేరున్నవి కొన్ని మద్రాసులోనే మొదట అచ్చయ్యాయి. 1949 నుంచి మూడేళ్లు వరసగా నోబెల్ శాంతి బహుమతికి ఆవిడ పేరు సూచించారు. రాలేదు. 81వ ఏట హాలండులో నోర్డ్‌వైక్ అనే సముద్రతీరపు ఊళ్లో ఉంటూ, ఆఫ్రికాలో గోల్డ్‌కోస్టుకి (నేటి ఘనా) శిక్షణ ఇవ్వడానికి వెళ్దామా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే, 1952 మే 6న కన్నుమూసింది. వీలునామాలో మారియోని తన కొడుకని రాసింది. ఆవిడ మొదలుపెట్టిన అంతర్జాతీయ సంఘాన్ని మారియో 1982లో తాను పోయేదాకా నడిపాడు. ఇటలీ తన వెయ్యి లీరాల నోటు మీద ఆవిడ బొమ్మ వేసుకుంది. యూరో వచ్చేదాకా ఆ నోటు చెలామణిలో ఉంది.

మన హాల్లోకి వద్దాం

ఆవిడ జీవితం నుంచి మన ఇళ్లకి పట్టుకెళ్లగలిగినవి మూడు కనిపిస్తున్నాయి నాకు.

మొదటిది, బోర్డు చూసి మోసపోకండి. మాంటిస్సోరి అన్న పేరు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. ఊళ్లో మీ మేనల్లుణ్ణి అలాంటి బడిలో వేస్తుంటే ఒక్కటి అడగండి: మూడేళ్లవాళ్లూ ఐదేళ్లవాళ్లూ ఒకే గదిలో ఉంటారా, ఎల్‌కేజీ, యూకేజీ అని విడిగా ఉంటారా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలు ఉండే చిన్నబళ్ల కోసం కార్డులతో, మెట్లమెట్లుగా నేర్చుకునే పద్ధతి తయారుచేశారు. మాంటిస్సోరి పేరు పెట్టుకోకపోయినా అందులో ఈ గాలి ఉంది. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడు ప్రభుత్వ బళ్లలో వచ్చిన కార్యాచరణ పద్ధతి దాని నుంచి నేర్చుకున్నవే.

రెండోది, ఒకే పాఠాన్ని రెండు చేయనక్కర్లేదు, ఒకే వస్తువు చుట్టూ ఇద్దర్నీ కూర్చోబెట్టొచ్చు. మనం ఉన్న ఊరే తీసుకోండి, ముత్యం చాలు. నాలుగేళ్లది పూసల్ని సైజుల వారీగా గిన్నెల్లో వేరు చేస్తుంది. ఏడేళ్లది ఆల్చిప్ప బొమ్మ గీసి లోపలేముందో పేర్లు రాస్తుంది. పదకొండేళ్లవాడు హైదరాబాదులో మనం బస్రా ముత్యాలనేవి ఈ గల్ఫు నుంచే ఎలా వెళ్లాయో, జపానులో పెంచిన ముత్యాలు వచ్చాక ఇక్కడి మునకగాళ్ల బతుకు ఏమైందో, 1932లో ఇక్కడ చమురు పడటం ఎంత కలిసొచ్చిందో తెలుసుకుంటాడు. ఓ సాయంత్రం ముహర్రక్‌లో ముత్యాల బాట మీద అందరూ కలిసి నడిచి రావొచ్చు. 2012లో యునెస్కో గుర్తించిన చోటది. కొడైకెనాల్‌లో ఆకులతో జరిగింది ఇక్కడ ముత్యంతో జరుగుతుంది. జూలై ఎండల్లో గడప దాటలేని రోజుల్లో నాలుగు కుటుంబాల పిల్లలు శుక్రవారం ఒకరింట్లో చేరితే, మన అపార్ట్‌మెంటు హాలే పిల్లల ఇల్లవుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. పెద్దపిల్లని రెండో అమ్మని చేయకండి. వయసులు కలిపి చదివించడం అంటే పెద్దదాని నెత్తిన చిన్నవాడి బాధ్యత పెట్టి మనం వంటింట్లోకి, ల్యాప్‌టాప్ ముందుకి పోవడం కాదు. మన ఇళ్లలో ఆడపిల్లల విషయంలో ఇది మరీ తేలిగ్గా జరిగిపోతుంది. పెద్దదానికంటూ ఎవరూ ముట్టుకోని ఒక బల్ల, ఒక గంట ఉండాలి. తన వయసువాళ్లతో, తనకంటే పెద్దవాళ్లతో కూడా కూర్చునే అవకాశం ఉండాలి. అది తానుగా తమ్ముడికి చూపిస్తే మనం పక్కకి తప్పుకుని చూడాలి. చూపించకపోతే అడగకూడదు. బెల్ పద్ధతికీ మాంటిస్సోరి పద్ధతికీ ఉన్న గీత మన హాల్లో సరిగ్గా ఇక్కడే పడుతుంది.

ఇంట్లో చదివించాలా, బడికి పంపాలా అన్నది ఎవరింటి లెక్క వారిది. రెండిట్లో ఏది ఎంచుకున్నా, బడి నుంచి వచ్చాక సాయంత్రాలూ, వారానికో శుక్రవారమూ అందరికీ ఉంటాయి. తన బిడ్డ బాల్యంలో పదిహేనేళ్లు పోగొట్టుకున్న ఒక తల్లి, ఆ తర్వాత ఎక్కడికి తరిమితే అక్కడ పిల్లల పక్కన నేల మీద కూర్చుని చూస్తూ గడిపింది. మన పిల్లలు మన ఇంట్లోనే, మన కళ్ల ముందే ఉన్నారు. ఈ వారం ఒక అరగంట ఫోను పక్కన పెట్టి, పెద్దది చిన్నవాడికి ఏం చూపిస్తుందో మాట్లాడకుండా చూడండి. ఏం కనిపించిందో కలిసినప్పుడు చెప్పుకుందాం.